ప్రకటనలో బిరుదము, పడక చెంత బాధ్యత

*నీట్‌లో సీటు రాని బైపీసీ పిల్లల ఇండ్లకు ఏటేట చేరుచున్న ఒక పిలుపును గురించియు, ఆ పిలుపు చెప్పక విడిచిపెట్టుచున్న పనిని గురించియు*

నీట్ ఫలితములు వెలువడిన మరునాటి సాయంకాలము. అది ఖమ్మము కావచ్చును, నరసరావుపేట కావచ్చును, నంద్యాల కావచ్చును. ఎరువుల దుకాణమునకు తాళము వేసి ఇల్లు చేరిన తండ్రి, కాళ్లు కడుగుకొని, కాఫీ గ్లాసు చేతబట్టుకొని వసారాలోని కుర్చీలో కూర్చున్నాడో లేదో, చొక్కా జేబులో ఫోను మ్రోగినది. లోపలి గదిలో కూతురు గోడవైపు తిరిగి పరుండియున్నది. మధ్యాహ్నము వడ్డించిన కంచము మీది మూత తీయనే లేదు. రెండేండ్ల ఇంటర్మీడియట్టు, దానిపైని ఒక యేడాది లాంగ్‌టర్మ్ కోచింగు, విజయవాడ హాస్టలులో తెల్లవారుజామున నాలుగు గంటలకే మేల్కొని చదివిన చదువు, ఇవన్నియు కలిసి తెచ్చిన మార్కులు ప్రభుత్వ వైద్య కళాశాల గడపదాక రాలేదని ఆ యింట అందరికిని తెలిసి ఒక పగలు గడిచినది.

"నమస్తే అండీ. పాపకు నీట్‌లో ఎంత వచ్చిందండీ?"

ఆ గొంతు ఎవరిదో తండ్రి యెరుగడు. తన నంబరు ఆ మనిషికెట్లు చిక్కినదో, తనకు కూతురున్నదనియు ఆ పిల్ల ఈ యేడు పరీక్ష వ్రాసినదనియు వానికెట్లు తెలిసినదో అంతకంటె నెరుగడు. అయినను అడిగినవాడు ఆదరముగా అడిగినాడు గనుక మార్కులు చెప్పినాడు.

"బాధపడకండి సార్. పాప ఇప్పుడేం కోల్పోలేదు. ఫార్మ్-డి అని ఆరేళ్ల కోర్సుంది, మా కాలేజీలో ముప్పై సీట్లే. చదువు పూర్తయ్యేసరికి పాప పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. ఆ తర్వాత అమెరికా వెళ్లిపోవచ్చు. పది వేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోండి, మిగతావి నెమ్మదిగా చూసుకుందాం."

ఫోను పెట్టిన నిమిషములోనే వాట్సాప్‌లో ఒక రంగుల పత్రము వచ్చినది. అందులో తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, ఒక యువతి చిరునవ్వు, ఆమె వెనుక అమెరికా స్వేచ్ఛాప్రతిమ. తండ్రి రెండు వేళ్లతో ఆ బొమ్మను పెద్దది చేసి చూచుకొని, లేచి, లోపలి గది తలుపు తట్టినాడు.

"అమ్మలూ, ఒకసారి లేచి ఇది చూడమ్మా."

నిరాశకు వచ్చిన గిరాకి

2025లో దేశమంతట 22 లక్షల పైచిలుకు పిల్లలు నీట్ వ్రాసిరి. ఎంబీబీఎస్ సీట్లు, ప్రభుత్వ ప్రైవేటు కళాశాలలన్నియు కలిపినను, లక్షా ఇరవై వేల పైచిలుకు మాత్రమే. ఈ రెండు అంకెల నడుమ మిగిలిపోయిన పిల్లలు తెలివి తక్కువవారు కారు, శ్రమ తక్కువవారును కారు. చిన్ననాటినుండి "మా అమ్మాయి డాక్టరవుతుంది" అను మాట వినుచు పెరిగి, ఒక వేసవి మధ్యాహ్నమున ఆ మాటను ఏమి చేసికొనవలయునో తెలియక నిలిచిపోయినవారు. ఆరోగ్యరంగములోని పై చదువుల ప్రచారమంతయు నేడు ఈ పిల్లల చుట్టును, వారికంటె నెక్కువగా వారి తలిదండ్రుల చుట్టును తిరుగుచున్నది. ఫిజియోథెరపీ, ఆసుపత్రి నిర్వహణ, ప్రజారోగ్యము, నర్సింగులో పీజీ మొదలైనవెన్నో ఆ అంగడిలో నున్నవి; అయితే మన రెండు రాష్ట్రములలో ఈ ప్రచారము పతాకస్థాయి నందుకొన్నది ఫార్మ్-డి విషయముననే. దేశములో ఈ కళాశాలలు మెండుగా వెలసిన ప్రాంతములలో మనవి ముందువరుసలో నుండుటచేత, దీని మంచిచెడ్డలు ఇతరులకంటె మనకే యెక్కువ తెలియవలసియున్నవి.

ఈ విషయమును వీధి చర్చకు తెచ్చినది వేరొక వృత్తికి సంబంధించిన వివాదము. 2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్, ఫిజియోథెరపిస్టులు తమ పేరునకు ముందు "డాక్టర్" అని వ్రాసికొనరాదని, 1916 నాటి భారత వైద్యపట్టాల చట్టమును ఉదాహరించుచు లేఖ వ్రాసినది. మరునాడే ఆ లేఖను ఉపసంహరించుకొన్నది. ఒక్క రోజున ఇచ్చి మరొక రోజున తీసికొన్న ఆ ఆజ్ఞతో ఫిజియోథెరపీ కళాశాలలలోనే కాదు, ఫార్మసీ కళాశాలల హాస్టళ్లలో గూడ రాత్రంతయు వాదోపవాదములు సాగినవి. తాము ఆరేండ్లు చదివి పొందబోవు బిరుదము ఎంతవరకు తమదో, ఎవరి దయమీద నిలిచియున్నదో పిల్లలకు సందేహము కలిగినది. ఆ సందేహము న్యాయమైనది. ఏలననగా వారిలో పెక్కుమంది ఈ చదువులో చేరినది ఆ బిరుదమును చూచియే. చేర్పించినవారు చూపినదియు దానినే.

సముద్రము దాటివచ్చిన తలంపు

ఫార్మసిస్టు అనగా చీటీ చూచి మందు తీసియిచ్చువాడు అని తరతరములుగా లోకము తలచినది. మన దేశమున ఆ వృత్తికి శాస్త్రీయమైన రూపు నిచ్చినవారు మహాదేవలాల్ ష్రాఫ్. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1932లో ఆయన నాటిన ఫార్మసీ విద్య, 1948 నాటి ఫార్మసీ చట్టముతో వృత్తిగా స్థిరపడినది. 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున, 1974లో వరంగల్లు కాకతీయ ప్రాంగణమున ఫార్మసీ శాఖలు నెలకొన్నవి. కాని ఆ చదువు ముఖ్యముగా మందుల తయారీ చదువు. రసాయనశాల, యంత్రశాల, నాణ్యతా పరీక్ష దాని లోకములు. రోగి అందులో కానరాడు. హైదరాబాదు చుట్టుపట్ల ఔషధ పరిశ్రమ పెరిగినకొలది ఆ చదువునకు చోటును పెరిగినది.

ఇదే కాలములో అమెరికాలో మరియొక దారి తెరచుకొన్నది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము 1950లోనే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ పట్టమును ప్రవేశపెట్టినది. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రి తొమ్మిదవ అంతస్తున, శస్త్రచికిత్స రోగుల వార్డులోనే మందుల కేంద్రము నొకదానిని నెలకొల్పి, ఫార్మసిస్టులను రేయింబవళ్లు వైద్యుల ప్రక్కన, నర్సుల ప్రక్కన నిలిపిరి. ఏ మందు ఏ మందుతో కలహించునో, ఏ రోగి మూత్రపిండములు ఎంత మోతాదును తాళగలవో అక్కడికక్కడ చెప్పగల మనిషి ఒకడు చెంతనుండుట ఎంత మేలో ఆ ప్రయోగము లోకమునకు చూపినది. ఆ తరువాత నాలుగు దశాబ్దములలో అమెరికాలో ఫార్మసిస్టు కాగోరువానికి ఫార్మ్-డి ఒక్కటే ప్రవేశ పట్టముగా స్థిరపడినది.

ఆ దేశపు మార్పు మన పల్లెటూళ్ల ఇండ్లదాక వచ్చిన మార్గము ఒక చిన్న నిబంధన. 2003 జనవరి 1 తరువాత పట్టము పొందిన విదేశీ ఫార్మసిస్టులు అమెరికాలో అర్హత పరీక్షకు కూర్చొనవలెనన్నచో కనీసము ఐదేండ్ల పాఠ్యక్రమమును చదివియుండవలయునని అక్కడి ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘము విధించినది. మన బీ ఫార్మసీ నాలుగేండ్లది. ఆ ఒక్క యేడాది కొరతచేత, అప్పటివరకు ఎందరో తెలుగువారు నడచిన బాట హఠాత్తుగా మూసికొనిపోయినది. 2008లో భారత ఫార్మసీ కౌన్సిల్ ఆరేండ్ల ఫార్మ్-డికి నియమావళిని ప్రకటించగానే ఇక్కడి కళాశాలలు దాని నంత ఆతురతతో స్వీకరించుటకు, తలిదండ్రులు అంత ఆశతో చూచుటకు ఇదియొక బలమైన హేతువు. మైసూరు, ఊటీ జేఎస్ఎస్ కళాశాలలవారు 1990ల నడిమి సంవత్సరములనుండియే రోగి పడక చెంత ఫార్మసిస్టును నిలుపు విద్యను ఎం ఫార్మసీలో ఓపికగా పెంచుచు వచ్చిరి. ఆ ఓపికతోనే ఫార్మ్-డియు పెరిగియుండవలసినది. కాని వార్డును ఉద్దేశించి పుట్టిన చదువు, మన యూళ్లకు వచ్చునప్పటికి విమానాశ్రయమును ఉద్దేశించినదిగా ప్రచారమైనది.

> ఆరేండ్ల చదువు — ఒక చూపులో
>
> ఐదేండ్లు పాఠములు, ఆసుపత్రి శిక్షణ. ఆరవ యేడు పూర్తిగా ఇంటర్న్‌షిప్. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్ విభాగమున, మిగిలిన ఆరు నెలలు వేరు వేరు మూడు విభాగములలో, ఒక్కొక్కచోట రెండు నెలల చొప్పున.
>
> ఒక కళాశాలకు సాధారణముగా 30 సీట్లు. బీ ఫార్మసీ చదివినవారు నేరుగా నాలుగవ యేట చేరు మూడేండ్ల ఫార్మ్-డి (పీబీ)కి 10 సీట్లు.
>
> కళాశాలకు 300 పడకల స్వంత ఆసుపత్రి యుండవలెను. లేదా నియమావళి చెప్పిన స్థాయి గల ఆసుపత్రితో ఒప్పందము ఉండవలెను.
>
> ప్రవేశము రెండు రాష్ట్రములలోను ఈఏపీసెట్ ద్వారా.

సీట్లు నింపు ఋతువు

ఇంజనీరింగు పిల్లలకు ఎంసెట్ నాటినుండి కౌన్సెలింగు వెంటనే నడచిపోవును. బైపీసీ పిల్లల పరిస్థితి వేరు. నీట్ ఫలితము రావలెను, ఎంబీబీఎస్ విడతలు నడవవలెను, ఫార్మసీ కళాశాలలకు ఆ యేటి అనుమతులు రావలెను; ఇవన్నియు ముగిసి బైపీసీ కౌన్సెలింగు మొదలగుసరికి వర్షాకాలము గడచిపోవుటయు కలదు. ఈ నెలల తరబడి నిరీక్షణయే ప్రచారమునకు పొలము. పొరుగింటి పిల్ల అప్పుడే ఇంజనీరింగు తరగతులకు పోవుచుండగా తమ పిల్ల ఇంట కూర్చున్నదను బెంగతో, కన్వీనరు కోటాలో ఉచితముగానో స్వల్పవ్యయముతోనో దొరకగల సీటును గూడ, ముందుగా డబ్బు కట్టి "బ్లాక్" చేసికొనువారు కలరు.

ఈ ఋతువులో తిరుగువారు కేవలము పీఆర్వోలు, కన్సల్టెన్సీల మనుషులు మాత్రమే కారు. ఎం ఫార్మసీ, పీహెచ్‌డీ చదివి పాఠము చెప్పుటకు చేరిన అధ్యాపకులకు గూడ వేసవి సెలవులలో "అడ్మిషన్ల టార్గెట్" విధించు ప్రైవేటు కళాశాలలు ఉన్నవి. జీవరసాయనశాస్త్రమును బోధించు ఒక మనిషి, మండుటెండలో జూనియర్ కళాశాల ముంగిట నిలిచి, కరపత్రములు పంచుచు, అపరిచితుల ఇండ్ల తలుపులు తట్టుచు, తనకు రావలసిన జీతము తాను తెచ్చు విద్యార్థుల సంఖ్యపై ఆధారపడియున్నదను దిగులుతో తిరుగుట చూచినవారికి, ఈ ప్రచారమున నలుగుచున్నవారు తలిదండ్రులు మాత్రమే కారని బోధపడగలదు. ఆ అధ్యాపకుని అవమానము తరగతి గదిలోనికి వచ్చును. ఆయన ముందర కూర్చున్న పిల్లలు, తాము ఆయనచేత బ్రతిమాలబడి వచ్చినవారమని ఎరిగియే కూర్చుందురు.

కళాశాలల వైపునుండి చూచినను కారణము కనబడుచున్నది. ఫార్మసీ కళాశాలలు అవసరమునకు మించి పెరుగుచున్నవని భావించి ఫార్మసీ కౌన్సిల్ 2020-21నుండి ఐదేండ్లపాటు కొత్త కళాశాలలకు అడ్డుకట్ట వేయ సంకల్పించినది. అట్టి నిషేధము చట్టబద్ధమైన నియమావళిచేత కావలెను గాని కార్యనిర్వాహక తీర్మానముచేత కారాదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 15న తేల్చినది. తీర్పులోని న్యాయము తీర్పుదే. ఫలితముగా తలుపులు తెరచుకొని కళాశాలలు మరల పెరిగినవి, పోటీ పెరిగినది, ముప్పది సీట్లు నిండని కళాశాలకు భవనపు అప్పు, ఆసుపత్రి ఒప్పందపు ఖర్చు, జీతములు మాత్రము నిండుగనే యున్నవి. రెండవ ప్రక్క ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బు ఏండ్ల తరబడి రాకపోవుట వారి నిత్యబాధ. బాధ నిజమే. కాని ఆ బాధను తీర్చుకొనుటకు పదునెనిమిదేండ్ల పిల్లకు నెరవేరని వాగ్దానము చేయుట ఏ విధమునను సమర్థనీయము కాదు.

వార్డులో జరుగు పని

ఇప్పుడు ఆ కరపత్రము చెప్పని సంగతి చెప్పవలెను. దానినే మొదట చెప్పియుండవలసినది.

కీళ్లవాతముతో చేతివ్రేళ్లు వంకరపోయిన ఒక ముదుసలి ప్రభుత్వాసుపత్రి మంచముమీదనుండి ఇంటికి పోవుటకు సిద్ధమగుచున్నది. వైద్యుడు వ్రాసిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఈ వ్యాధిలో అది వారమున కొక్కసారి మాత్రమే వేసికొనవలసిన మందు. పొరపాటున ప్రతిదినము వేసికొన్నచో మొదట నోరు పూసి, తరువాత రక్తములోని తెల్లకణములు క్షీణించి, ప్రాణమునకే ముప్పు రాగలదు. లోకములో పలుదేశముల ఆసుపత్రులలో ఈ ఒక్క పొరపాటువలన మరణించినవారు కలరు. చీటీలో "వారమునకు ఒకటి" అని ఇంగ్లీషులో వ్రాసియే యున్నది. ఓపీలో వందమంది వేచియుండగా వైద్యునకు ఆమెతో గడుపుటకు దొరకినది రెండు నిమిషములు. అప్పుడు ఇంటర్న్‌షిప్‌లోనున్న ఒక ఫార్మ్-డి విద్యార్థిని ఆమె మంచపు అంచున కూర్చుండి, మందుల సంచి తెరచి, "అమ్మమ్మా, ఈ పసుప్పచ్చ గోళీ ఎప్పుడు వేసుకుంటవు?" అని అడుగును.

"పొద్దుగాల అన్నీ కలిపి వేసుకుంట బిడ్డా. మా కోడలు డబ్బాల పోసి ఇస్తది."

ఆ విద్యార్థిని కోడలిని పిలిపించి, ఆ గోళీల పట్టీని డబ్బానుండి వేరు చేయించి, దానిమీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరములలో "బుధవారం" అని వ్రాసి, ఆమెచేత మరల చెప్పించుకొనును. ఈ పనికి పట్టినది ఏడెనిమిది నిమిషములు. దానివలన నిలిచినది ఒక ప్రాణము కావచ్చును. మరునాడు ఆ సంగతిని ఎవరును చెప్పుకొనరు, ఏ పత్రికలోను అచ్చుకాదు, కళాశాల ఫ్లెక్సీ మీద వ్రాయరు.

గుండె కవాటము మార్పించుకొన్న రైతునకు రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు మాత్రలున్నవి. ఆకుకూరలలోని కె విటమిను ఆ మాత్రల పనికి ఎదురు నడచును. అట్లని తోటకూర, పాలకూర మానివేయవలసిన పని లేదు, ఒక వారము మెండుగా తిని మరుసటి వారము పూర్తిగా మానివేయుటయే ప్రమాదము. ఈ మాట ఆయన భార్యకు, వంట చేయు మనిషికి, చెప్పవలెను. ఉబ్బసపు ఇన్‌హేలరును ఏండ్ల తరబడి వాడుచు, మందు లోనికి పీల్చక నోటిలోనే చల్లుకొనువారు మన యూళ్లలో తక్కువ కారు; స్టెరాయిడ్ ఇన్‌హేలరు వాడిన పిమ్మట నోరు పుక్కిలించవలెనని ఎరుగని వారు ఇంకను ఎక్కువ. మూత్రపిండములు దెబ్బతిన్న వానికి సాధారణ మోతాదులో ఎక్కిన యాంటీబయాటిక్ విషమగుటయు కలదు. ఆ మోతాదును లెక్కగట్టి వైద్యునకు చూపుట ఈ వృత్తి చేయు పని. మందువలన ఎవరికి దద్దురులు లేచినవో, ఎవరి కాలేయము దెబ్బతిన్నదో నమోదుచేసి, 2010లో మొదలైన భారత ఔషధ భద్రతా కార్యక్రమమునకు పంపుట ఈ వృత్తి చేయు పని. ఇంత గొప్ప పని చేతిలో నుండగా దానిని దాచిపెట్టి, బిరుదమును మాత్రము చూపి పిల్లలను పిలుచుట ఆ పనికే అపచారమని నా నిశ్చితాభిప్రాయము. బిరుదము కొరకు వచ్చిన పిల్ల, మంచపు అంచున కూర్చుండుటను చిన్నతనముగా భావించును. ఆ పని తెలిసి వచ్చిన పిల్ల భావింపదు.

> మందు వికటించినచో
>
> మందు వాడిన తరువాత అనుకోని బాధ ఏది కలిగినను రోగిగాని బంధువుగాని స్వయముగా తెలుపవచ్చును. ఔషధ భద్రతా కార్యక్రమము ఉచిత ఫోను నంబరు 1800-180-3024. ఈ కార్యక్రమపు జాతీయ సమన్వయ కేంద్రము ఘజియాబాదులోని భారత ఔషధ ప్రమాణ సంస్థ. వైద్య కళాశాలలలోని నమోదు కేంద్రములలో పనిచేయుచున్నవారిలో ఫార్మ్-డి పట్టభద్రులును కలరు.

పట్టము చేతికి వచ్చిన తరువాత

ఆరవ యేట పూర్తి దినము ఆసుపత్రిలో పనిచేయు ఇంటర్నులకు అనేకచోట్ల గౌరవ వేతనము లేదు. అదే వార్డులో తిరుగు ఎంబీబీఎస్ హౌస్ సర్జన్లకు కలదు. ఈ భేదమును గురించి విద్యార్థులు చేయుచున్న విన్నపములు ఏటేట వినబడుచునే యున్నవి. పట్టము పొందిన పిమ్మట ప్రభుత్వాసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టు అను స్థిరమైన పదవులు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ఫార్మసిస్టు గ్రేడ్-2 ఉద్యోగమునకు రెండేండ్ల డిప్లొమా చదివినవాడును, ఆరేండ్లు చదివినవాడును ఒకే వరుసలో నిలువవలెను. నాణ్యతా గుర్తింపు కోరు పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు, మందుల పొరపాట్లను నమోదు చేయవలసిన నియమముండుటచేత, కొందరిని తీసికొనుచున్నవి. అక్కడ గూడ వైద్యునితో వార్డు చుట్టివచ్చు అవకాశము కొందరికే, కాగితములు నింపు పని అందరికి.

అందుచేత ఈ పట్టభద్రులలో పెక్కుమంది చేరునది హైదరాబాదులోని ఔషధ భద్రతా సమాచార సంస్థలు, క్లినికల్ డేటా సంస్థలు, మెడికల్ కోడింగ్ కార్యాలయములు. అమీర్‌పేటలో కొన్ని నెలల కోర్సు చదివి, అమెరికా రోగుల బిల్లులకు సంకేతములు వేయు పనిలో చేరినవారిని నేను చులకన చేయను. అది గౌరవప్రదమైన జీవనము, ఎన్నో కుటుంబములను నిలిపిన జీవనము. అయితే ఆ పనికి ఆరేండ్లు అక్కరలేదు, వార్డులో సంవత్సరకాలపు శిక్షణ అక్కరలేదు. రోగిని చూచుటకు తీర్చిదిద్దిన చదువు రోగిని ఎన్నడును చూడని గదిలో ముగియుటవలన నష్టపడునది ఆ పిల్లలొక్కరే కాదు, మంచముమీది ముసలమ్మ గూడ.

ఇక అమెరికా. దారి లేదని చెప్పుట అసత్యము, దారి యున్నది. పట్టముల పరిశీలన, విదేశీ ఫార్మసీ పట్టభద్రుల తుల్యతా పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష, ఆయా రాష్ట్రములు కోరు శిక్షణా గంటలు, ఆ మీదట నాప్లెక్స్ అను లైసెన్సు పరీక్ష, అక్కడి ఔషధ చట్టముల పరీక్ష. వీటిని దాటి స్థిరపడిన తెలుగువారు కలరు. కాని వీటిలో ఏ ఒక్కటియు కళాశాల చేతిలో లేదు, అన్నిటికంటె పైనున్న వీసా అసలే లేదు. విదేశములనుండి వచ్చువారి కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును విధించుచు 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ప్రకటన చేసినాడు. ఆ దేశములో మందుల దుకాణముల గొలుసులును తగ్గుచున్నవి. వాల్‌గ్రీన్స్ మూడేండ్లలో సుమారు 1,200 దుకాణములు మూసివేయుదునని 2024లో చెప్పినది. రైట్ ఎయిడ్ 2025లో పూర్తిగా మూతపడినది. అమెరికా పిల్లలే ఫార్మసీ చదువుటకు మునుపటివలె రాకపోవుటచేత అక్కడి కళాశాలలు విద్యార్థులకై వెదకికొనుచున్నవి. మన కరపత్రములోని స్వేచ్ఛాప్రతిమ మాత్రము మారలేదు.

చట్టము చేయి ఎంతదూరము

మోసపోయితిమని తలచిన తలిదండ్రులు ఎక్కడికి పోవలెను? 2019 వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనలకు మొదటిసారి పది లక్షల వరకు, మరల చేసినచో ఏబది లక్షల వరకు జరిమానా విధింప కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు అధికార మిచ్చినది. 2024 నవంబరులో ఆ సంస్థ కోచింగు కేంద్రముల ప్రకటనలకు ప్రత్యేక మార్గదర్శకములు వెలువరించి, ఉద్యోగము గ్యారంటీ, ర్యాంకు గ్యారంటీ అను మాటలను అడ్డగించినది. పట్టము ఇచ్చు కళాశాలల ప్రకటనలకు అంతటి ప్రత్యేక మార్గదర్శకములు ఇంకను రావలసియున్నవి. పైగా విద్యాసంస్థలు వినియోగదారుల చట్టము పరిధిలోనికి రావని 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషను తీర్పు చెప్పినది; ఆ ప్రశ్న సుప్రీంకోర్టు వాకిట నిలిచినది. కాగా ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాలలు తమవద్ద అట్టిపెట్టుకొనరాదని యూజీసీ 2018లోనే స్పష్టపరచినది. పది వేలు ముందు కట్టించుకొని, పదవ తరగతి మెమో తీసికొని బీరువాలో పెట్టు కళాశాల ఉన్నచో, అది ఈ ఉత్తరువునకు విరుద్ధము.

> దూరవిద్యలో ఆరోగ్య చదువులా?
>
> ఆరోగ్య, అనుబంధ ఆరోగ్య వృత్తుల కోర్సులను, మనస్తత్వశాస్త్రము, ఆహార-పోషక శాస్త్రములతో సహా, దూరవిద్యలో గాని ఆన్‌లైన్‌లో గాని నడుపరాదని యూజీసీ 2025 విద్యాసంవత్సరమునుండి ఆదేశించినది. ఇంటనుండి చదివి ఆరోగ్యవృత్తిలో పీజీ పొందవచ్చునను ప్రకటన చూచినవారు ముందు ఈ ఉత్తరువును గురించి అడుగవలెను.

చూపదగినది ఏది

ప్రచారమే పాపమని ఈ వ్యాసకర్త అనడు. మంచి కళాశాల తన్ను గురించి తాను చెప్పుకొనవలెను. చెప్పుకొననిచో ఖమ్మములోని తండ్రికి తెలియు మార్గము లేదు. ఆలోచింపవలసినది చెప్పు విషయమును గురించి. అమెరికాలో ఫార్మసీ కళాశాలలకు గుర్తింపు నిచ్చు మండలి, ప్రతి కళాశాలయు తన విద్యార్థులలో ఎందరు నిర్ణీత కాలములో చదువు ముగించిరో, ఎందరు లైసెన్సు పరీక్షలో నెగ్గిరో ఎవరైనను చూడగలుగునట్లు తన వెబ్‌సైటులో ప్రకటింపవలెనని శాసించినది. కళాశాలల వారీగా లైసెన్సు పరీక్ష ఫలితములను బోర్డుల సంఘము గూడ బయటపెట్టుచున్నది. ఆ దేశపు పట్టమును, బిరుదమును తెచ్చుకొన్న మనము ఈ ఒక్క అలవాటును మాత్రము సరిహద్దునకు ఆవలనే విడిచివచ్చితిమి.

దానిని తెచ్చుకొనుటకు కొత్త చట్టము కొరకు వేచియుండ నక్కరలేదు. ఫార్మసీ కౌన్సిల్ ఒక ఉత్తరువుతో చేయగలదు. ఒప్పందములోనున్న ఆసుపత్రి పేరు, కళాశాలనుండి దాని దూరము, విద్యార్థి వారమున ఎన్ని గంటలు నిజముగా వార్డులో నుండునో, ఇంటర్నునకు నెలకు ఎంత చెల్లింతురో, ఐదేండ్ల క్రిందట పట్టము పొందిన ముప్పదిమంది నేడు ఏయే పనులలో ఉన్నారో, అందులో రోగుల చెంత ఎందరో, ఒక కాగితపు రెండు వైపులకు మించదు. ఆ కాగితమును ముద్రించిన కళాశాలకు పీఆర్వోల అవసరము చాలవరకు తగ్గును. ముప్పది సీట్లు నిండకపోయినను, నిండిన పదునెనిమిదింటిలో వార్డు కొరకు వచ్చిన పిల్లలు ఉందురు. ప్రభుత్వములు జిల్లా ఆసుపత్రులలోనైనను వార్డునకు ఒక క్లినికల్ ఫార్మసిస్టును స్థిరపదవిలో నియమించినచో, ఇంతకంటె గట్టి ప్రచారము ఈ చదువునకు అవసరమే లేదు.

ఆ ఉత్తరువు వచ్చువరకు తండ్రి తానే అడుగవలెను. ఈఏపీసెట్ కౌన్సెలింగులో ఆప్షన్లు ఫ్రీజ్ చేయుటకు ముందు ఒక పనిదినమున ఉదయము తొమ్మిది గంటలకు, కళాశాలకు కాక దాని ఆసుపత్రికి కూతురితో పోయి, జనరల్ మెడిసిన్ వార్డులో ఫార్మ్-డి పిల్లలు ఉన్నారేమో చూడవలెను. ఉన్నచో రౌండ్లు ముగిసిన తరువాత ఐదవ సంవత్సరపు విద్యార్థినిని ఒకతెను తన కూతురితో పది నిమిషములు విడిగా మాట్లాడనిమ్మని కోరవలెను. ఆ పది నిమిషములకు ఒప్పుకొనని కళాశాల పేరును జాబితానుండి తీసివేయుటకు గడువు అప్పటికిని మిగిలియే యుండును.